పత్తాలాటకో పాఠ్యపుస్తకం

జగిత్యాలలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం అయిపోయినా ఒక పని మాత్రం నన్ను వదల్లేదు. ఏ పుస్తకం కొనాలో చెప్పే పని. ఎంసెట్‌కు ఏది మంచిది, గ్రూప్ టూకు అర్థమెటిక్ ఎవరిది చదవాలి, పిల్లాడికి చదరంగం మీద ఆసక్తి ఉంది ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి... ఇలా వారానికి ఒకరైనా అడుగుతారు. హన్మకొండ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరులో 2800 రేటింగు దాటాక చదరంగం పుస్తకం అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. తల్లిదండ్రులే పిల్లల్ని వెంటబెట్టుకొని వస్తారు. గొప్పగా చెప్పుకొని మరీ అడుగుతారు.

2025 దసరాకు మా తమ్ముడి కొడుకు అడిగిన పుస్తకం మాత్రం అలాంటిది కాదు.

"పెద్దబాపూ, టోర్నమెంట్ పోకర్ నేర్సుకునేటందుకు మంచి బుక్కు ఏదన్న ఉంటె చెప్పు. శానా ఉన్నయి. ఏది కొనాల్నో సమజైతలేదు."

వాడిది సిరిసిల్ల. బీటెక్ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. హాస్టల్లో స్నేహితుల దగ్గర ఆట నేర్చుకున్నాడు. తరువాత ఫోన్లో ఆడాడు. ఆ సంవత్సరం ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా కూడా అందులో లేదు. యాప్‌లు మూతపడ్డాయి. ఇప్పుడు వాడి ఆలోచన, ఒక ఏడాది ఉద్యోగం మానేసి గోవా వెళ్లి, క్యాసినోల్లో జరిగే పోకర్ టోర్నమెంట్లు ఆడాలని. దాచుకున్నది మూడు లక్షలు ఉందట.

ఆ సాయంత్రమే మా మరదలు ఫోను చేసింది. "బావా, మీరు చెప్తె ఇంటడు. నౌకరి ఇడిసిపెట్టద్దని చెప్పుండ్రి" అంటూ ఏడ్చింది. ఆమె భయంలో తప్పేముంది? ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు జిల్లా పేజీల్లో మనమంతా చదివినవే.

ఇరవై ఆరేళ్లవాడికి 'వద్దు' అని చెబితే వింటాడా? పైగా వాడు నన్ను డబ్బు అడగలేదు, పుస్తకం అడిగాడు. పుస్తకం అడిగినవాడికి పుస్తకంతోనే జవాబు చెప్పాలి. "ముందుగాల నేను సదువుత. సదివినంక చెప్త. గప్పటిదాంక రాజీనామా కాగితం రాయకు" అన్నాను. సరేనన్నాడు.

పుస్తకం లేని ఆట

మా ప్రాంతంలో పేకాట అనరు, పత్తాలాట అంటారు. ఆ ఆటకు పుస్తకం ఉంటుందన్న సంగతే మాకు తెలియదు. కోరుట్లలో మా అమ్మమ్మ ఇంట్లో పెళ్లి జరిగితే, ఒకపక్క వంటలు, ఒకపక్క బాజాలు, మూడోపక్క జంపఖానా మీద రమ్మీ. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అన్న మాటలు నేను ఎక్కాలకంటే ముందు నేర్చాను. నేర్పినవాళ్లెవరూ లేరు. పెద్దవాళ్ల భుజాల వెనక కూర్చొని చూడడమే చదువు. మధ్యలో మాట్లాడితే లేపి పంపించేవారు.

మా మేనమామ ఒకాయన ఆ జంపఖానాకు పెద్ద. పదమూడు ముక్కలు అందుకోగానే ఒక్కసారి చూసి, మడిచి, ఒళ్లో పెట్టుకునేవాడు. మళ్లీ చూసేవాడు కాదు. కింద పడ్డ ముక్కలన్నీ ఆయనకు గుర్తుండేవి. "ముక్క ఇడిసేటోని మొకం జూడకు బిడ్డా, ఇడిసిన ముక్కను జూడు" అనేవాడు. మూడుముక్కలాట మొదలైతే మాత్రం తువ్వాలు దులుపుకొని లేచిపోయేవాడు. అది ఆట కాదనేవాడు.

ఆయన చెప్పిన ఆ తేడానే సుప్రీంకోర్టు కూడా చెప్పిందని నాకు చాలాకాలం తరువాత తెలిసింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద పోలీసులు కేసు పెట్టారు. నిజాం కాలంనాటి 1305 ఫస్లీ జూదం చట్టం కింద. అది ఢిల్లీ దాకా వెళ్లింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడుముక్కలాట వంటిది అదృష్టం మీద నడిచేది. రమ్మీ అలా కాదు, పడ్డ ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది విడవాలో తెలియాలి, అందులో నైపుణ్యమే ఎక్కువ అన్నారు న్యాయమూర్తులు. అయితే ఆట నడిపేవాడు దాని మీద లాభం తీస్తుంటే అది నేరం కావచ్చునని కూడా అన్నారు. ఈ రెండోమాట చాలామందికి గుర్తుండదు. తరువాత 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం మార్చి, నైపుణ్యం ఉన్న ఆటైనా డబ్బు పెట్టి ఆడితే జూదమేనని తేల్చింది. జంపఖానాలు అప్పటికే తగ్గిపోయాయి.

కనుక మావాడు గోవా దారి చూసుకున్నాడు. మాండవి నదిలో క్యాసినో ఓడలకు అక్కడి ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది.

జూదం నేర్పిన గురువు

ఆటను చదివి నేర్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. భారతంలో నలుడి కథ ఉంది కదా. పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. దమయంతిని అడవిలో వదిలేశాడు. రూపు మారి, ఋతుపర్ణ మహారాజు దగ్గర రథం తోలుతూ బతికాడు. ఒకరోజు దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూసి, దానికి ఎన్ని ఆకులున్నాయో, ఎన్ని కాయలున్నాయో చూసినచూపునే చెప్పాడు. నలుడు రథం ఆపి లెక్కపెట్టి చూశాడు. సరిపోయింది. ఆ విద్య పేరు అక్షహృదయం. నలుడు తనకు తెలిసిన అశ్వహృదయం ఇచ్చి దాన్ని నేర్చుకున్నాడు.

లెక్కల మాస్టారిగా నాకు ఈ కథ ఎప్పుడూ ఇష్టమే. జూదం గెలవడానికి ఋతుపర్ణుడు మంత్రం చెప్పలేదు, లెక్క చెప్పాడు. పైగా ఆ విద్య వచ్చాక నలుడు ఏం చేశాడు? పుష్కరుణ్ణి పిలిచి ఒకే ఒక్క పందెం ఆడాడు. రాజ్యం తిరిగి తీసుకున్నాడు. తమ్ముణ్ణి క్షమించి పంపేశాడు. అంతే. నేర్చుకున్నాను కదా అని రోజూ ఆడుతూ కూర్చోలేదు.

ఈ కథను అడవిలో ధర్మరాజుకు చెప్పినవాడు బృహదశ్వుడు. కథ చెప్పి ఊరుకోలేదు, ధర్మరాజుకు కూడా అక్షహృదయం నేర్పి వెళ్లాడు. సర్వం పోగొట్టుకున్నవాడికి 'ఇక ఆడకు' అని నీతి చెప్పే బదులు లెక్క నేర్పిన ఋషి. మా మరదలికి ఈ మాట చెప్పాను. "గాయన ఋషి బావా, మనోడు సాఫ్ట్‌వేర్" అంది. అదీ నిజమే.

పుస్తకాల వేట

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో చదరంగం దొరికింది, బ్రిడ్జి దొరికింది. పోకర్ దొరకలేదు. మావాడే కొన్ని తెప్పించి ఇచ్చాడు. రెండు నెలలు వాటితో గడిపాను.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇప్పుడు ప్రపంచమంతా ఆడే పోకర్ పేరు టెక్సాస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు. అవి మీకే తెలుసు. బల్ల మీద అయిదు ముక్కలు అందరికీ కలిపి తెరుస్తారు. ముందు మూడు, తరువాత ఒకటి, చివర ఒకటి. ప్రతి మలుపులోనూ పందెం. ఏడింటిలో మంచి అయిదు ఎవరివో వాళ్లది గెలుపు. లేదా అందరూ భయపడి ముక్కలు పడేస్తే మిగిలినవాడిది గెలుపు.

మామూలు ఆటలో ముందున్న బిళ్లలే డబ్బు. ఎప్పుడైనా లేచి వెళ్లవచ్చు. టోర్నమెంటు అలా కాదు. ఒకసారి రుసుము కట్టాలి. అందరికీ సమానంగా బిళ్లలు ఇస్తారు. తప్పనిసరిగా పెట్టాల్సిన పందేలు, బ్లైండ్స్ అంటారు, గడియారం చూసి పెంచుతూ పోతారు. బిళ్లలు అయిపోయినవాడు లేచిపోవాలి. చివరి కొద్దిమందికే బహుమతులు. సాధారణంగా వందమందిలో పది నుంచి పదిహేనుమందికి.

పుస్తకాల్లో మొదటిది డేవిడ్ స్క్లాన్‌స్కీ రాసిన 'ది థియరీ ఆఫ్ పోకర్'. 1987 నాటిది. ఎదుటివాడి ముక్కలు నీకు కనిపిస్తే ఎలా ఆడేవాడివో, కనిపించకపోయినా అలా ఆడగలిగినప్పుడల్లా నీకు లాభం అన్నది దాని సారం. చదువుతుంటే మా కోరుట్ల మామే గుర్తొచ్చాడు. బలమైన పుస్తకమే, కానీ అది టోర్నమెంటు పుస్తకం కాదు. డాయల్ బ్రన్సన్ 1970ల చివర తెచ్చిన 'సూపర్ సిస్టమ్' ఇంకా పేరున్నది. ఆయన 1976లో, 1977లో ప్రపంచ విజేత. ధైర్యవంతుడి పుస్తకం. అదీ ప్రధానంగా డబ్బు ఆటల గురించే.

2003లో అమెరికాలో ఒక సంఘటన జరిగింది. క్రిస్ మనీమేకర్ అనే టెన్నెస్సీ అకౌంటెంటు ఆన్‌లైన్‌లో చిన్న రుసుముతో ఆడి ప్రపంచ పోటీకి అర్హత సంపాదించాడు. అక్కడ 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలిచాడు. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది వచ్చారు. ఎంసెట్ పోటీ పెరిగితే గైడ్లు పెరిగినట్టే ఇక్కడా పుస్తకాలు పెరిగాయి. వాటిలో ఎక్కువమంది చేతుల్లోకి వెళ్లింది 'హారింగ్టన్ ఆన్ హోల్డెమ్'. 2004 నుంచి 2006 మధ్య మూడు భాగాలుగా వచ్చింది. డాన్ హారింగ్టన్ 1995 ప్రపంచ విజేత. ఆ రద్దీలో కూడా 2003లో మూడో స్థానం, 2004లో నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. తోడుగా రాసిన బిల్ రోబర్టీ బ్యాక్‌గామన్‌లో రెండుసార్లు ప్రపంచ విజేత.

ఇటీవలివి వేరు. ఇప్పుడు కంప్యూటర్లే ఆట తేల్చి చెబుతున్నాయి. మైకెల్ అసెవెడో 2019లో రాసిన 'మోడర్న్ పోకర్ థియరీ' అటువంటిది. పేజీల నిండా పట్టికలు. లాగరిథం టేబుల్స్ చదివినట్టే ఉంటుంది. అన్నిటికంటే హాయిగా చదివించింది మరియా కొన్నికోవా 2020లో రాసిన 'ది బిగ్గెస్ట్ బ్లఫ్'. ఆమె మనస్తత్వశాస్త్రం చదివిన రచయిత్రి. పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియకుండా మొదలుపెట్టి, ఎరిక్ సైడెల్ అనే ఉద్దండుడి దగ్గర నేర్చుకొని, 2018లో ఒక టోర్నమెంటు గెలిచింది. కథ బాగుంది. పాఠ్యపుస్తకం మాత్రం కాదు.

విద్యార్థికి పుస్తకం ఎంచేటప్పుడు నేను ఎప్పుడూ చూసేవి నాలుగు. వాడు రాయబోయే పరీక్షకు రాసిన పుస్తకమేనా? చేసి చూసుకోవడానికి లెక్కలున్నాయా? జవాబు ఎందుకు తప్పయిందో వివరించారా? వాడి స్థాయికి ఒక మెట్టు మాత్రమే పైన ఉందా? ఈ నాలుగూ హారింగ్టన్‌కు సరిపోయాయి. ప్రతి అధ్యాయం వెనకా సమస్యలున్నాయి, మూడో భాగం అంతా సమస్యలే. పాతబడింది నిజమే. ఇప్పటి ఆటగాళ్లు దానికంటే దూకుడుగా ఆడతారు. అయినా ఎక్కాలు రానివాడికి లాగరిథం టేబుల్ ఇస్తే ఏం లాభం? ముందు హారింగ్టన్, తరువాత అసెవెడో అని రాసి పెట్టుకున్నాను.

సాంచాల ఎమ్

హారింగ్టన్ రెండో భాగంలో ఎక్కువగా కనిపించే అక్షరం 'ఎమ్'. పాల్ మాగ్రీల్ అనే బ్యాక్‌గామన్ ఆటగాడి పేరు మీదుగా వచ్చింది. లెక్క చాలా తేలిక. మీ ముందున్న బిళ్లల్ని, ఒక రౌండు తిరిగేసరికి తప్పనిసరిగా పోయే బిళ్లలతో భాగించండి. వచ్చిందే ఎమ్. ఏమీ ఆడకుండా ఎన్ని రౌండ్లు కూర్చోగలరో అది చెబుతుంది. తొమ్మిదిమంది ఉన్న బల్ల మీద బ్లైండ్స్ 100, 200. ఒక్కొక్కరు 25 చొప్పున వేసేది 225. మొత్తం 525. మీ దగ్గర 5,250 ఉంటే మీ ఎమ్ పది. గడియారం మోగి ఈ పందేలన్నీ రెట్టింపయితే, మీరు ఒక్క ముక్క కూడా ఆడకుండానే ఎమ్ అయిదవుతుంది. ఇరవై పైన ఉంటే ఆకుపచ్చ, పది దాకా పసుపు, ఆరు దాకా నారింజ, అయిదు నుంచి ఎరుపు. ఎరుపులోకి వచ్చాక మంచి ముక్కల కోసం ఎదురుచూసే హక్కు ఉండదు. ఓ మాదిరి ముక్క వస్తే ఉన్నదంతా ముందుకు తోయాలి.

సంక్రాంతికి సిరిసిల్ల వెళ్లినప్పుడు ఈ సంగతి మా తమ్ముడికి చెప్పాను. వాడు ఆసామి. ఎనిమిది సాంచాలు నడుపుతాడు. సాంచా అంటే మరమగ్గమే. యజమాని నూలు ఇస్తాడు, ఆసామి బట్ట నేయించి ఇస్తాడు, మీటరు లెక్కన కూలి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు ఉన్నన్నాళ్లు చేతినిండా పని ఉండేది. అది ఆగిపోయిన రోజుల్లో షెడ్డు కిరాయి ఆగలేదు, బ్యాంకు కిస్తీ ఆగలేదు, ఇల్లు ఆగలేదు.

తమ్ముడు శ్రద్ధగా విన్నాడు. "గిదా? గింతదానికి బుక్కు గావాల్నా?" అన్నాడు. "నెలకు నలబై వేలు వోతయి. చేతుల రెండు లచ్చలున్నయి. అయిదు నెలలు. ఆర్డరు రాకపోతె ఆరో నెలల ఏది దొరికితె అది నెయ్యాలె. రేటు ఎంత అని అడిగేటట్టు ఉండది."

హారింగ్టన్ అధ్యాయం మొత్తం అదే. ఎరుపు గీత ఎక్కడుందో మా తమ్ముడికి పుస్తకం చదవకుండానే తెలుసు. ఆ మాటకొస్తే మా ప్రాంతంలో ఎవరికి తెలియదు? కోరుట్ల నుంచి దుబాయి వెళ్లే మనిషి వీసాకు అప్పు తెచ్చి కట్టేది ప్రవేశ రుసుమే. వడ్డీ గడియారం చూసి పెరిగే బ్లైండ్సే. మొదటి జీతం ఎప్పుడొస్తుంది, అప్పటిదాకా ఇంటిదగ్గర ఎన్ని నెలలు గడుస్తుంది అన్నది విమానం ఎక్కకముందే వేసుకునే లెక్క. ఇరవై ఏళ్ల కిందట సిరిసిల్ల పేరు పత్రికల్లో ఏ వార్తలతో వచ్చేదో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అవి ఈ లెక్క సున్నాకు చేరిన ఇళ్లు. అందుకే మా ఇళ్లల్లో ఎమ్ అన్నది ఆటలో మాట కాదు.

మా మాటలు వింటూ మావాడు గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ల నాన్న ఎనిమిది సాంచాల మీద ఇరవై ఏళ్లుగా ఏ ఆట ఆడుతున్నాడో వాడు మొదటిసారి లెక్కగా విన్నాడని నాకనిపించింది.

పక్కన కూర్చున్నవాడి లాభం

రెండో పాఠం ఇంకా ఆసక్తికరం. టోర్నమెంటులో బిళ్లలు రెట్టింపయితే డబ్బు రెట్టింపు కాదు. నమ్మకపోతే లెక్క చూడండి.

ముగ్గురు మిగిలారు. బహుమతులు 50 వేలు, 30 వేలు, 20 వేలు. ముగ్గురి దగ్గరా బిళ్లలు సమానం. అంటే ఒక్కొక్కరి వాటా విలువ 33,333 రూపాయలు. ఇప్పుడు ఇద్దరు ఉన్నదంతా పెట్టి తలపడ్డారు. ఓడినవాడు 20 వేలు తీసుకొని లేచాడు. అతను పోగొట్టుకున్నది 13,333. గెలిచినవాడి దగ్గర ఇప్పుడు మూడింట రెండువంతుల బిళ్లలు. మొదటి స్థానం వచ్చే అవకాశం అంతే అనుకుంటే అతని వాటా విలువ 43,333. అంటే లాభం పదివేలే. మిగతా 3,333 ఎవరికి పోయింది? చేతులు కట్టుకొని చూస్తూ కూర్చున్న మూడోవాడికి.

పదివేలు గెలవడానికి పదమూడువేలు పణంగా పెట్టడమన్నమాట. నూటికి యాభై సార్లు గెలిస్తే నష్టమే. యాభై ఏడుసార్లకు మించి గెలిచే ముక్కలుంటేనే ఈ పోరు గిట్టుబాటు. ఊళ్లో ఇద్దరు భూమి తగాదా పడితే ఎవరు బాగుపడతారో మనకు తెలిసిందే. ఇక్కడ దానికి లెక్క కూడా దొరికింది.

పుస్తకంలో లేని అధ్యాయం

ఇన్ని మంచి పుస్తకాలు చదివినా మావాడి మూడు లక్షల ప్రశ్నకు జవాబు వాటిలో పూర్తిగా లేదు. అది నేనే కట్టాల్సి వచ్చింది.

నూటికి పదిహేనుసార్లు బహుమతి తెచ్చుకునేవాడు అనుకుందాం. అంటే నూటికి ఎనభై అయిదుసార్లు ఉత్తచేతులే. వరసగా పదిసార్లు ఉత్తచేతులతో రావడానికి అవకాశం ఎంత? 0.85ను పదిసార్లు హెచ్చిస్తే సుమారు 0.20. అయిదుగురిలో ఒకడికి ఇలా జరుగుతుంది. వరసగా ఇరవైసార్లయితే నూటికి నాలుగు. ఆటలో ఏ లోపమూ లేకుండానే. పదివేల రుసుము టోర్నమెంట్లు ఇరవై అంటే రెండు లక్షలు. గోవా బస, తిండి, ప్రయాణం అదనం.

ఇక పన్ను. మన దేశంలో పేకాట గెలుపు మీద ఆదాయపన్ను 30 శాతం, సెస్సు అదనం. ఖర్చులు గానీ, ఓడినవి గానీ అందులోంచి తీసేసుకునే వీలు లేదు. మావాడు చాలా బాగా ఆడి, రెండు లక్షల రుసుములు కట్టి, 2,40,000 బహుమతులు తెచ్చాడనుకోండి. నూటికి ఇరవై లాభం. ఏ వ్యాపారంలోనైనా గొప్పే. పన్ను 72 వేలు. చేతికి 1,68,000. గెలిచి మరీ 32 వేలు నష్టం. అమెరికాలో కూర్చొని రాసిన హారింగ్టన్‌కు ఈ లెక్కతో పనిలేదు. అతని పుస్తకం చదివి గోవా వెళ్లేవాడికి మాత్రం ఉంది.

పుస్తకం చివర ఖాళీగా ఉన్న పేజీల్లో ఈ లెక్కలన్నీ పెన్సిలుతో రాశాను. ఎక్కడా 'మానెయ్' అని రాయలేదు. చివర ఒక ప్రశ్న మాత్రం వేశాను: 'పన్ను, ప్రయాణం పోను అసలు దక్కాలంటే నూటికి ఎంత లాభం రావాలి?' పుస్తకం వాడి చేతిలో పెట్టాను.

నాలుగు రోజులకు జవాబు పంపాడు. పన్ను ఒక్కటే అయితే రెండు లక్షలకు 2,85,714 గెలవాలి, అంటే దాదాపు 43 శాతం. ప్రయాణం కలిపితే ఇంకా పైన. లెక్క సరిగ్గా కట్టాడు. కింద ఇంకేమీ రాయలేదు. నేనూ అడగలేదు.

ఉద్యోగం మానలేదు. ఆట కూడా మానలేదు. నెలకోసారి సిరిసిల్ల వచ్చినప్పుడు స్నేహితుల్ని పోగేసి, చింతగింజలు బిళ్లలుగా పెట్టుకొని, గడియారం పెట్టి టోర్నమెంటు ఆడుతున్నారు. డబ్బు లేదు. ప్రతి ఆటా నోటుపుస్తకంలో రాస్తున్నాడు. ఏ ముక్కలు, ఎంత ఎమ్, ఏం చేశాడు, ఎందుకు. వంద ఆటలు పూర్తయ్యాక ఆ నోటుపుస్తకం చూసి గోవా సంగతి తేల్చుకుంటానన్నాడు. అప్పుడు వెళ్తానంటే? వెళ్తాడు. అప్పటికి వాడి మీద వాడికి ఒక లెక్క ఉంటుంది. మా మరదలికి ఈ మాట పూర్తిగా నచ్చలేదు. "గింజలతోని ఆడుతున్నడు గదా, గదే నయం" అంటోంది. వచ్చిన స్నేహితులకు చాయ్ మాత్రం తానే పెడుతోంది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇలాంటి పుస్తకం అడగవచ్చు. పోకరే కానక్కర్లేదు, షేర్ మార్కెట్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అటక మీద దాచేసి లాభం లేదు. ఫోన్లో అంతకంటే పనికిమాలినది దొరుకుతుంది. మంచిది వెతికి ఇవ్వండి. దాంట్లో గెలిచిన కథలు ఎన్ని ఉన్నాయో, చేసి చూసుకునే లెక్కలు ఎన్ని ఉన్నాయో ముందు చూడండి. రాసినవాడు ఓటమికి ఎన్ని పేజీలు ఇచ్చాడో చూడండి. తరువాత పెన్సిలు తీసుకొని, మీ ఇంటి కిస్తీలు, మీ ఊరి ఖర్చులు, మన సర్కారు పన్నులు వెనక పేజీలో మీరే రాయండి. ఆ పేజీ రాసిపెట్టే రచయిత ఏ దేశంలోనూ దొరకడు.